బంధారా కింద కొబ్బరికాయ

నా చిన్నప్పుడు నీళ్ళ గురించి నాకు తెలిసింది ఒక్కటే. వాటిలో ఏది పారేసినా అవి తిరిగి తెచ్చి ఇచ్చేస్తాయని. బొంబాయి కామాఠిపురా గల్లీలో పుట్టి పెరిగిన పిల్లకు నది ఎక్కడిది? మాకున్నదల్లా చౌపాటీ సముద్రం. నారళీ పున్నమ నాడు ఊళ్ళోని సగం జనం అక్కడికి వచ్చి సముద్రానికి కొబ్బరికాయలు సమర్పించేవాళ్ళు. వాళ్ళు దండం పెట్టుకుని అటు తిరగడం ఆలస్యం, మేము పిల్లలం లంగాలు ఎగదోపుకుని మోకాళ్ళ లోతులో దిగేవాళ్ళం. ఒక అల కాయను లోపలికి తీసుకుపోతే, దాని వెనకాల అల దాన్ని దొర్లించుకుంటూ మా కాళ్ళ దగ్గరికి తెచ్చేది. తడి కాయలు ఒళ్ళో మూటగట్టుకుని గ్రాంట్ రోడ్ స్టేషన్ వంతెన ఎక్కి దిగి ఇంటికి చేరేసరికి నా లంగా ఉప్పుకు గరగరలాడేది. మా అమ్మ ఒక పక్క తిడుతూనే ఇంకో పక్క పచ్చడి నూరేది.

కాయలు పట్టడంలో, వరసగా ఒంటిగది ఇళ్ళుండే మా చాలు మొత్తంలో నన్ను మించిన పిల్ల లేదు. ఆ గొప్పే ఒకసారి నన్ను పడవ ఎక్కించింది. ఆ పడవలోంచి నన్ను దింపింది మా అమ్మమ్మ. ఇవాళ నేను ఈ మాటలు చెప్పడానికి మిగిలి ఉన్నానంటే ఆమె పుణ్యమే.

మా అమ్మమ్మ పాలమూరు జిల్లాలో కృష్ణ ఒడ్డున పుట్టింది. వాళ్ళ నాయన పుట్టి నడిపేవాడట. పుట్టి అంటే వెదురుతో అల్లి పైన తోలు కప్పిన గుండ్రటి బుట్టలాంటి పడవ. పెళ్ళయ్యాక తాతతో బొంబాయి వచ్చి, రాయి మోసి, సున్నం మోసి, నేను పుట్టేనాటికి ఆడకూలీల ముఠాకు పెద్దయింది. నోట్లో ఎప్పుడూ తంబాకు ఉండేది. అందువల్లనో ఏమో తక్కువ మాట్లాడేది. మా చాలులోని వాళ్ళంతా వర్షాకాలం నగరంలో ఏదో ఒక పని చూసుకున్నా, ఎండాకాలం వచ్చిందంటే ముఠాలు కట్టి ఘాట్ల కొండల వైపు పోయేవాళ్ళు. అక్కడ చిన్న చిన్న నదులకు బంధారాలు కట్టే పని దొరికేది. నదికి అడ్డంగా ఒక పొట్టి గోడ కడతారు చూడండి, నీళ్ళు దాని వెనక నిండి మీద నుంచి పొర్లిపోతాయి, అదే బంధారా.

ఆ ఏడు బడి సెలవులకు నన్ను కూడా అమ్మమ్మ వెంట తీసుకుపోయింది. ముఠాలో మా చిన్నమ్మా, చిన్నాయనా కూడా ఉన్నారు. చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. నెత్తిన సున్నం ఘమేలా, అదే ఇనప తట్ట, పెట్టుకుని కూడా నవ్వకుండా ఉండలేని మనిషి. ఎవరి నడకైనా అచ్చం అలాగే నడిచి చూపించేది. రాత్రి అన్నాల దగ్గర మాకు పని ఇచ్చే ఠేకేదారు పొట్ట పట్టుకుని నడిచినట్టు నడిస్తే మేమంతా మెతుకులు పొలమారి దగ్గేవాళ్ళం.

అంత నవ్వే మనిషికి ఒక దిగులుండేది. పెళ్ళయి ఎన్నో ఏళ్ళయినా కడుపు పండలేదు. మేము బయలుదేరే రోజున చాలు వరండాలో అందరూ వింటుండగా ఆమె అత్త అన్నది: "పో పో. ఈ పారి గూడ ఉత్త ఒడితోటి వచ్చినవంటే, పాలమూరు పోయి నా కొడుక్కు ఇంకో పిల్లను చూసుకొస్త." చిన్నాయన తల వంచుకుని బిస్తర్ కట్టుకున్నాడు. చిన్నమ్మ ఆ రోజు కూడా నవ్వింది, కానీ రైలెక్కినాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని దారంతా కిటికీలోంచి బయటికే చూసింది.

మా రాళ్ళపనివాళ్ళలో ఒక ఆచారం ఉండేది. బంధారా కట్టడం అయిపోయి, మొదటిసారి నీళ్ళు గోడ దాటి పొర్లిన రోజున ముఠా పెద్ద ఒక కొబ్బరికాయకు పసుపు రాసి, కొట్టకుండా నిండుగానే పైనుంచి నీళ్ళలో విడిచేది. అది తొలినీళ్ళ కాయ. పిల్లలు లేని ఆడమనిషి ఎవరైనా ఉంటే, దిగువన తక్కువ నీళ్ళలో కొంగు పరిచి నిలబడేది. కాయ దొర్లుకుంటూ వచ్చి ఆమె ఒళ్ళో పడితే, ఏడాది తిరిగేలోగా ఆ ఒళ్ళో బిడ్డ ఉంటుందని మా వాళ్ళ నమ్మకం. చిన్నమ్మ ఆ ఎండాకాలమంతా సున్నం మోసింది కూలి కోసం కాదు, ఆ కాయ కోసం.

ఎప్పుడూ కాయ వచ్చేదట. ఎందుకంటే అంతకుముందు కట్టిన బంధారాలకు కింద వాలుగా రాళ్ళు పేర్చేవాళ్ళు, నీళ్ళు కూడా పలచగా పారేవి. కాయ ఆ రాళ్ళ మీదుగా జారి వచ్చేసేది. ఈసారి గోడ నిటారుగా లేచింది, దాని కింద చదునుగా గచ్చు చేశారు. పైగా ఆ ఏడు వాన ముందే పడింది. రెండు రోజులు ఘాట్ల మీద కురిసి ఆగేసరికి, గోడ మీద నుంచి నీళ్ళు సన్నగా కాదు, దుప్పటి పరిచినట్టు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పడుతున్నాయి.

పొద్దున్నే అమ్మమ్మ కాయను విడిచింది. చిన్నమ్మ తలంటి పోసుకుని, పచ్చచీర కట్టుకుని, దిగువన పిక్కల లోతులో కొంగు రెండు చేతులా పట్టుకుని నిలబడింది. నేను ఒడ్డున. కాయ గోడ అంచు మీదికి వచ్చింది, దూకింది, మునిగింది. మేము చూస్తూ ఉన్నాం. రాలేదు. కాసేపటికి గోడ మొదట్లోనే పైకి తేలింది. కొంచెం మా వైపు నడిచింది. హమ్మయ్య అనుకునేలోపు ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగి గోడ దగ్గరికే పోయి, పడే నీళ్ళ కింద మళ్ళీ మునిగింది. మళ్ళీ తేలింది. మళ్ళీ అంతే.

ముఠా వాళ్ళంతా కాసేపు చూసి సామాన్లు సర్దడానికి పోయారు. చిన్నమ్మ కదలలేదు. ఎండెక్కింది, పరిచిన కొంగు అంచులు తడిసి బరువెక్కాయి. చివరికి ఒడ్డుకు వచ్చి నా పక్కన నిలబడింది.

"అగో, గాడనే ఉన్నది గద," అన్నది. "పోతలేదు చూడు. నాకోసమే ఆగింది."

"నేను తెస్తా చిన్నమ్మా," అన్నాను నేను. "చౌపాటీల గింత పెద్ద అలల్ల నుంచి తెస్త. గివి ఏం నీళ్ళు?"

నిజంగానే అవి నాకు నీళ్ళలాగే అనిపించలేదు. చౌపాటీలో అల లేస్తుంది, విరుగుతుంది, భయపెడుతుంది. ఇక్కడ గోడ నా ఎత్తు కూడా లేదు. కింద కొంచెం నురుగు, అంతే. అది దాటితే నది నిమ్మళంగా పారుతోంది. పడే నీళ్ళ చప్పుడు కూడా ఒకే తీరుగా, జోలపాటలా ఉంది.

రాళ్ళు అటూ ఇటూ చేరవేయడానికి ముఠాకు ఒక చిన్న పడవ ఉండేది. ఇద్దరు కూర్చుంటే నిండిపోతుంది. వెదురుగడతో తోయాలి. చిన్నమ్మ దాని తాడు విప్పింది. నన్ను ఎత్తి ముందువైపు కూర్చోబెట్టింది. "కాయ దగ్గరికి పోంగనే నువ్వు రెండు చేతుల అందుకో, నేను గడ ఏస్త," అన్నది. నా చేతులు అప్పటికే చాచి ఉన్నాయి.

అప్పుడు వచ్చింది అమ్మమ్మ, వెనక చిన్నాయన. ఆమె అరవలేదు, పరుగెత్తలేదు. ఒక కాలు పడవ అంచు మీద పెట్టి, తంబాకు ఉమ్మి, మమ్మల్ని ఇద్దరినీ చూసింది.

"ఏడికి సవారీ?"

"కాయ తెచ్చేతందుకమ్మా."

"మంచిదే. తెచ్చుకో. కాని గీ పడవ ఇంతకు ముందు ఆడికి ఎప్పుడన్న పోయిందా? దానికి తొవ్వ ఎరుక లేదు గద. ఒక్కసారి దాన్ని ఒక్కదాన్నే పంపుదాం. పోయి మంచిగ వచ్చిందనుకో, గప్పుడు మీరు పోండ్రి."

చిన్నమ్మకు అంత ఏడుపులోనూ నవ్వొచ్చింది. "పడవకు తొవ్వ ఎరుకైతదా? ఏం మాటలే అమ్మా!"

"నీకు ఎరుకనా మరి?" అన్నది అమ్మమ్మ. "దిగు. పోరీ, నువ్వు గూడ."

దిగాం. అమ్మమ్మ రెండు ఖాళీ గోనెసంచులు తెప్పించింది. ఉత్త పడవ అయితే తేలిపోతుంది, మనుషుల బరువు ఉండాలి అన్నది. ఒకదాన్ని నిండుగా గడ్డితో కూరి, అడుగున కొన్ని రాళ్ళు వేసి, మనిషి నీళ్ళలో తేలినంతే తేలేలా చేసింది. దండెం మీద ఆరేసిన చిన్నమ్మ పాతచీర తీసి దానికి చుట్టింది. ఇంకోదాన్ని సగానికి మడిచి చిన్నగా కుట్టింది. పెద్దదాన్ని వెనక, చిన్నదాన్ని ముందు పెట్టింది. నేను కూర్చున్న చోటే పెట్టింది. అప్పుడు నాకు అది ఆటలాగే అనిపించింది.

పడవకు పొడుగాటి మోకు కట్టి, దాని కొస చిన్నాయనకూ ఇంకో ముగ్గురు మేస్త్రీలకూ ఇచ్చి, గడతో నెట్టింది. పడవ నెమ్మదిగా కాయ వైపు సాగింది. గోడకు కొంచెం ఇవతల నీళ్ళు అడుగు నుంచి పైకి ఉబికి గుండ్రంగా పొంగుతున్న గీత ఒకటి ఉంది. నది మధ్యలో అన్నం ఉడుకుతున్నట్టు ఉంటుంది అది. పడవ ఆ గీత దాకా బద్ధకంగా పోయింది. గీత దాటిందో లేదో, గడ అవసరం లేకుండానే, తనంతట తాను గోడ వైపు నడవడం మొదలుపెట్టింది. దిగువకు పోవలసిన నీళ్ళు ఎదురు పోతున్నాయి! చూస్తుండగానే ముందు భాగం పడే నీళ్ళ కిందికి వెళ్ళింది. ఒక్క ఊపులో నిండింది. ఎవరో పట్టి తిప్పినట్టు బోర్లపడింది.

"అరే, పడవ పోతది!" అని చిన్నాయన మోకు వదిలి అంగీ విప్పబోయాడు. నేను పుట్టిన తర్వాత అమ్మమ్మ గొంతు అంత పైకి లేవడం వినడం అదే మొదటిసారి.

"ఎవ్వడు దిగొద్దు! తాడు పట్టు! దిగినోడు దాంట్లెనే ఉంటడు!"

నలుగురు మగవాళ్ళు కాళ్ళు నేలకు తన్ని లాగారు. కొండరాళ్ళు లాగిన చేతులవి. పడవ గీత దాకా వచ్చి, మళ్ళీ వెనక్కి పోయింది. వాళ్ళను కూడా నాలుగడుగులు ఈడ్చుకుపోయింది. అమ్మమ్మ వాళ్ళ వెంట నడుస్తూ, ఎదురు లాగొద్దు, పక్కకు లాగండి, గోడ వెంబడి ఒడ్డుకు తీసుకురండి అని చెప్పింది. వాళ్ళు ఒడ్డున పక్కకు జరిగి లాగితే, గోడ చివర రాళ్ళ దగ్గర పడవ బయటికి వచ్చింది. ఒక పక్క పలకలు ఊడిపోయాయి.

సంచులు మాత్రం రాలేదు.

పచ్చచీరలో నిలబడి చిన్నమ్మ చూస్తోంది. తన పాతచీర చుట్టిన పెద్ద సంచి పైకి లేచింది, తిరిగింది, మునిగింది. దాని వెనకే చిన్నది. చిన్నది ఎక్కువసేపు కనిపించేది కాదు. పోయిందేమో అనుకుంటే తేలేది. తేలి మా వైపు కాస్త వచ్చేది, వస్తోంది వస్తోంది అనిపించేది, మళ్ళీ వెనక్కి. వాటి మధ్య పసుపు కాయ.

ఎంతసేపు చూసిందో నాకు తెలియదు. ఒక్కసారిగా చిన్నమ్మ నా వైపు తిరిగింది. ఆమె ముఖం అలా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. మోకాళ్ళ మీద కూలబడి, పొద్దుటి నుంచి పరిచి పట్టుకున్న ఆ తడికొంగు నా చుట్టూ చుట్టి, నన్ను లోపలికి లాక్కుంది. నా తల తడుముతోంది, చేతులు తడుముతోంది, వేళ్ళు ఒక్కొక్కటే పట్టి చూస్తోంది. ఆ చిన్న సంచి ఎవరో నాకు అప్పుడు అర్థమైంది. చల్లటి కొంగులో నేను కూడా ఏడ్చాను.

అమ్మమ్మ మా పక్కన కూర్చుంది. నీళ్ళ వైపే చూస్తూ అన్నది: "మా అన్న గిట్లనే పోయిండు. పుట్టి ఒడ్డుకొచ్చింది. ఆయన రాలే. మా నాయిన దుంకుతనంటే ఊరంత కలిసి పట్టుకున్నది." అంతే. ఆ అన్న గురించి ఆమె అంతకు ముందు ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకు కూడా తెలియదు.

తరువాత నా గడ్డం పట్టి, "సముద్రం ఆడిపించి ఇడిచిపెడ్తది బిడ్డా. గిది ఆడిపియ్యది, పట్టుకుంటది. ఎంత పొట్టి గోడైతే అంత మోసం," అన్నది.

పొద్దున కాయకు రాయగా మిగిలిన పసుపు ఆమె కొంగు ముడిలో ఉంది. అది విప్పి, వేలితో తడిపి, నా నుదుట పెట్టింది. చిన్నమ్మతో అన్నది: "ఇగో నీ కాయ. నీ ఒళ్ళెకే వచ్చింది. ఇంటికి పోయినంక మీ అత్తకు ఇదే చూపియ్యి."

ఓదార్పు కోసం అన్న మాటని పెద్దవాళ్ళు అనుకుని ఉంటారు. చిన్నమ్మ అలా అనుకోలేదు. మరునాడు లారీలో కూర్చుని వెళ్ళిపోతుంటే, వంతెన మీద నుంచి చూశాం. కాయ ఇంకా తిరుగుతూనే ఉంది. చిన్నమ్మ ఒక్కసారి చూసి తల తిప్పేసుకుంది. నా చెయ్యి మాత్రం కామాఠిపురా దాకా వదల్లేదు.

చాలులో దిగగానే ఆమె అత్త వరండాలో నిలబడి, "ఏం తెచ్చినవే?" అన్నది. చిన్నమ్మ నన్ను ముందుకు నెట్టి, "దీన్ని తెచ్చిన," అన్నది. "అది నీ అక్క బిడ్డ గదనే!" అని ముసలావిడ నవ్వబోయింది. చిన్నాయన అప్పుడు నోరు తెరిచాడు. అరచేతులు చాపి, మోకు కోసుకుపోయిన చోట్లు తల్లికి చూపించి, "ఇగ పాలమూరు మాట తీయకమ్మా," అన్నాడు. ఆ చేతులు చూశాక ఆమె మళ్ళీ తీయలేదు.

చిన్నమ్మకు పిల్లలు పుట్టలేదు. కానీ మా ఖోలీకీ వాళ్ళ ఖోలీకీ మధ్య గోడ ఒక్కటే. నేను తిన్నది ఇక్కడైతే పడుకున్నది అక్కడ. నా జడలు ఆమె వేసింది, నా పెళ్ళికి ఆమే కన్యాదానంలో కూర్చుంది, మా అమ్మ పక్కకు జరిగి చోటిచ్చింది. నేను ఎక్కడికి పోయి వచ్చినా, బడి నుంచైనా, నాగ్‌పాడా బజారు నుంచైనా, ఆమె గుమ్మంలో కొంగు పరిచి, "వచ్చిందా నా కాయ?" అనేది. ముసలితనంలో చూపు తగ్గాక, నా అడుగుల చప్పుడుకే కొంగు పట్టేది.

నేను పెద్దగా చదువుకోలేదు. కానీ ఆ రోజు చూసింది మరిచిపోలేదు. జూలైలో మా గల్లీ నిండినప్పుడు, పిల్లలు నీళ్ళలో ఆడుతుంటే నేను ముందు నీళ్ళు ఎక్కడ తిరుగుతున్నాయో చూస్తాను. అక్కడ మురుగు గటార్ మూత లేచి ఉంటుంది. చీపురుకట్టకు ఎర్రగుడ్డ కట్టి అక్కడ గుచ్చి వస్తాను. "చాచీ మళ్ళా జెండా ఎగరేసింది" అని కుర్రాళ్ళు నవ్వుతారు, నవ్వుతూనే దాని చుట్టూ తిరిగి పోతారు.

ఇప్పుడు నా మనవరాలు, నా బిడ్డ బిడ్డ, ఆఫీసులో పని చేస్తుంది. తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడమంటే హిందీలోకి పోతుంది. సెలవు రోజుల్లో స్నేహితులతో ఘాట్ల వైపు పోయి నదిలో కాయాక్ నడుపుతుంది. సన్నటి పడవ, రెండు వైపులా రెక్కలున్న తెడ్డు, ఒంటికి తేలే జాకెట్టు, నెత్తికి టోపీ. మొన్న ఫోనులో వీడియో చూపించింది. ఎంత బాగా నడుపుతుందో! మా అమ్మమ్మ నెత్తురు అది. కానీ ఆమె వెనకాల దూరంగా, నది ఉన్నట్టుండి కత్తితో కోసినట్టు తిన్నగా ఆగిపోయిన గీత ఒకటి కనిపించింది. అవతల చెట్ల కొనలు కనిపిస్తున్నాయి, మొదళ్ళు కనిపించడం లేదు.

"ఆ గీత ఏంది?" అన్నాను.

చిన్న బంధారా నానీ, నడుం ఎత్తు కూడా ఉండదు, వచ్చే వారం అందరం దాని మీద నుంచి దూకుదామనుకుంటున్నాం అన్నది, నవ్వుతూ.

నేను పొయ్యి ఆపేసి కూర్చున్నాను. ఆమెనూ కూర్చోబెట్టాను. కాయ, కొంగు, రెండు సంచులు, మొత్తం చెప్పాను. పైనుంచి చూస్తే గోడ కనబడదు, గీతే కనబడుతుంది, అది కనబడగానే ఒడ్డుకు పోవాలని చెప్పాను. దిగువ నుంచి కూడా ఆ పొంగే చోటు దాకా పోవద్దన్నాను. ఎవరైనా చిక్కితే వెంట దూకొద్దు, ఒడ్డు నుంచి తాడు విసిరి పక్కకు లాగాలి అన్నాను. తేలే జాకెట్టు ఉంది కదా నానీ అన్నది. ఆ సంచులు కూడా తేలినయి బిడ్డా అన్నాను.  చిన్న సంచి సంగతి మళ్ళీ ఒకసారి చెప్పించుకుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఫోనుకు ఒక ఫోటో వచ్చింది. ఒడ్డున బురదలో వరసగా నడుస్తున్నారు, పడవలు నెత్తిన పెట్టుకుని, మా ఆడవాళ్ళు ఘమేలాలు మోసినట్టే. అందరికంటే ముందు నా మనవరాలు. పక్కన బంధారా మీద నుంచి నీళ్ళు దుప్పటిలా పడుతున్నాయి.

సాయంత్రం మెట్ల మీద తడి చెప్పుల చప్పుడైంది. నేను లేచి గుమ్మంలోకి పోయి, రెండు చేతులా కొంగు పరిచి నిలబడ్డాను.